అమ్మకు 17, మామకు 28

2024 ఆగస్టు చివరి వారంలో హనుమకొండలో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో వృద్ధుల కోసం ఒక ఉచిత వైద్య శిబిరం పెట్టారు. అమ్మకు మోకాళ్ల నొప్పి. మాత్రలేమైనా రాస్తారేమోనని తీసుకెళ్లాను. బీపీ చూశారు, షుగర్ చూశారు, చివరికి మూలనున్న బల్ల దగ్గరికి పంపారు. అక్కడ పాతికేళ్లు నిండని ఒక అబ్బాయి అట్టమీద కాగితం పెట్టుకొని కూర్చున్నాడు. "జ్ఞాపకశక్తి పరీక్ష మేడమ్, పది నిమిషాలే" అన్నాడు. పక్కనే మైకులో టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు.

పది నిమిషాల తర్వాత కాగితం చివర 30కి 17 అని వేసి, దాని చుట్టూ సున్నా చుట్టి, "డిమెన్షియా అనుమానం, న్యూరాలజిస్టును కలవండి" అని రాసిచ్చాడు. డిమెన్షియా అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు. అమ్మ నా ముఖం చూసి "ఫెయిలయ్యానా?" అని అడిగింది. బడి గడప తొక్కని మనిషికి అది జీవితంలో మొదటి పరీక్ష.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మాటను నేను సగం నమ్మాను. బాపు పోయి ఏడాది దాటింది. అప్పటినుంచి అమ్మ మాట తగ్గించేసింది. పిలిస్తే పలకదు. రెండుసార్లు కుక్కర్ విజిల్స్ మీద విజిల్స్ వేస్తున్నా పక్కగదిలోనే కూర్చుంది. నన్ను మా చిన్నమ్మ పేరుతో పిలుస్తోంది. ఇవన్నీ నేను చూస్తూనే ఉన్నాను, పేరు పెట్టలేదంతే.

నేను ప్రభుత్వ పాఠశాలలో సోషల్ టీచర్ని. 22 ఏళ్లుగా పరీక్షలు పెడుతున్నాను, పేపర్లు దిద్దుతున్నాను. మొత్తం మార్కులు చూసి పిల్లవాడి గురించి మాట్లాడకూడదని, ఏ ప్రశ్న దగ్గర తప్పాడో చూడాలని కొత్తగా వచ్చిన టీచర్లకు చెప్పేదాన్ని నేనే. మర్నాడు ఆ కాగితాన్ని ముందు పెట్టుకొని జవాబుపత్రం దిద్దినట్టే దిద్దాను.

అది మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్. 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ అనే వైద్యుడు కలిసి తయారుచేశారు. మామూలుగా 24 కన్నా తక్కువ వస్తే అనుమానించాలంటారు. ఇప్పుడు అమ్మ ఎక్కడ పోగొట్టుకుందో చూడండి. నూరులోంచి ఏడేసి తీసేస్తూ అయిదుసార్లు చెప్పాలి: అమ్మ నోరు తెరవలేదు, అయిదు మార్కులు పోయాయి. కాగితం మీద ఉన్న వాక్యం చదివి అందులో చెప్పిన పని చేయాలి: ఒకటి. సొంతంగా ఒక వాక్యం రాయాలి: ఒకటి. ఒకదానిలోకి ఒకటి చొచ్చుకున్న రెండు పంచభుజాలను చూసి గీయాలి: ఒకటి. ఎనిమిది అయిపోయాయి. అంటే చదువు రాని మనిషి మిగిలినవన్నీ తప్పు లేకుండా చెప్పినా 22 దగ్గరే ఆగిపోతుంది. పరీక్ష మొదలుకాకముందే గీతకు కింద ఉంది.

తర్వాత మరో అయిదు. ఏ సంవత్సరం అంటే చెప్పలేదు. ఏ నెల, ఎన్నో తారీఖు అంటే "శ్రావణం, బహుళం నడుస్తోంది" అంది. ఏ ఋతువు అంటే "మఖ కార్తె" అంది. అది ముమ్మాటికీ నిజం. ఆగస్టు రెండో సగమంతా మఖే. అబ్బాయి దగ్గరున్న జవాబుల్లో కార్తెలు లేవు కాబట్టి సున్నా వేశాడు. ఏ జిల్లా అంటే "వరంగల్" అంది. ఇక్కడ నాకు కోపం కాదు, దుఃఖం వచ్చింది. మా ఊరు కమలాపూర్ పక్కన. అమ్మ కాపురానికి వచ్చినప్పుడు అది కరీంనగర్ జిల్లా. 2016లో వరంగల్ అర్బన్‌లోకి వచ్చింది. 2021లో ఆ వరంగల్ అర్బనే హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. సోషల్ చెప్పే నేనే క్లాసులో ఒక్క క్షణం ఆగి చెబుతాను. వీటన్నిటి మధ్య ఒక వరుసను మాత్రం నేను ముందురోజు గమనించనే లేదు. మొదట మూడు మాటలు చెప్పి, కాసేపటి తర్వాత గుర్తుచేసుకోమని అడిగే ప్రశ్న ఉంది. అక్కడ అమ్మకు మూడుకు మూడు.

ఇంకొక సంగతి. వయసు దగ్గర అబ్బాయి 69 అని రాశాడు. ఆధార్ కార్డులో ఉన్నది అదే: 1955 జనవరి 1. కార్డు తీసేనాడు ఎవరో తోచిన తేదీ వేశారు. మా అమ్మమ్మ చెప్పిన లెక్క వేరు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినప్పుడు రజాకార్ల భయంతో ఊరు విడిచి వెళ్తుంటే అమ్మ చంకలో పిల్లట. ఆ లెక్కన 77. ఎనిమిదేళ్ల తేడా ఈ పరీక్షలో చిన్నది కాదని తర్వాత తెలిసింది.

సెప్టెంబరులో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. హనుమకొండలోనే చిన్న క్లినిక్. ఆయన కాగితం చూశారు, పక్కన పెట్టారు. అమ్మను మొదట అడిగిన ప్రశ్న, "అమ్మా, మీరు ఏం పని చేసేవారు?"

"బీడీలు చుట్టేదాన్ని సారు."

అమ్మ పుట్టిల్లు కోరుట్ల దగ్గరి పల్లె. పదేళ్లప్పుడు చాట ఒళ్లో పెట్టుకుంది. రాత్రి తునికాకు నానబెట్టడం, పొద్దున్నే కత్తిరించడం, తంబాకు పోసి చుట్టి దారం కట్టడం. పాతిక బీడీలు ఒక కట్ట. ఆమె తమ్ముడు, అంటే మా మామ, అదే ఇంట్లోంచి పలక పట్టుకొని బడికి వెళ్లాడు. ఇంటికి ఒకరినే చదివించగలిగిన రోజులు. ఆ ఒకరు మగపిల్లవాడే అయ్యేవాడు. మామ పదో తరగతి ఫీజు, ఆ తర్వాత కరీంనగర్‌లో గది అద్దె అమ్మ బీడీల మీదే వెళ్లాయి. ఆ మాట మామే అందరిలో చెబుతాడు.

డాక్టర్ గారు అడిగారు, "వెయ్యి బీడీలకు ఎన్ని కట్టలు?"

"నలభై."

"అందులో ఏడు కట్టలు బాగాలేవని తీసేస్తే?"

"ముప్పై మూడు. ఎనిమిది వందల ఇరవై అయిదు బీడీలు."

"ఇంకో ఏడు తీసేస్తే?"

"ఇరవై ఆరు. ఆరు వందల యాభై."

"ఇంకో ఏడు?"

"పందొమ్మిది. అన్ని తీసేస్తే ఇక కూలి ఏం మిగులుతుంది సారు?"

నా కళ్లు చెమర్చాయి. ఏడేసి తీయడమే అది. నూరు బదులు నలభైలోంచి తీసింది, అదీ పాతికతో గుణిస్తూ. ఆ తర్వాత కూరగాయల పేర్లు నిమిషంలో ఎన్ని చెప్పగలవంటే ఊపిరి తీసుకోకుండా చెప్పింది. వారాల పేర్లు వెనక్కి చెప్పమంటే ఆదివారం నుంచి సోమవారం దాకా వచ్చింది. గీత గీయడానికి పెన్ను ఇవ్వకుండా అగ్గిపుల్లలు ఇచ్చి, తాను పేర్చినట్టు పేర్చమన్నారు. పేర్చింది. పెన్ను పట్టడమే ఒక విద్య అని, పట్టని చేతికి పంచభుజం ఇస్తే మెదడును కాదు, ఆ చేతిని పరీక్షించినట్టవుతుందని ఆయన అన్నారు. రోజూ వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గు వేసే మనిషి మా అమ్మ.

నేను ఉత్సాహంగా, "బతుకమ్మ పాటలు ఒక్క చరణం మరిచిపోదు సార్" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. చిన్నప్పుడు పట్టుబడిన పాటలు జబ్బు ముదిరిన వాళ్లలో కూడా చాలాకాలం నిలుస్తాయట. అది ఆరోగ్యానికి సాక్ష్యం కాదు. నిన్న ఎవరు వచ్చారు, పొద్దున ఏం తిన్నారు, చెప్పిన కబురు గంట తర్వాత ఉందా, ఇవి చూడాలి. నాకు కావలసిన జవాబు కోసం నేను సాక్ష్యాలు ఏరుకుంటున్నానని అప్పుడు అర్థమైంది.

ఆయన విడమరిచి చెప్పినవి నాకు గుర్తున్నంతలో చెబుతాను. ఈ పరీక్ష మార్కులు వయసుతోనూ చదువుతోనూ కదులుతాయి. 1993లో అమెరికాలో 18 వేల మందికి పైగా పెద్దల మార్కులు లెక్కగట్టారు. తొమ్మిదేళ్లు, ఆపైన చదివినవారిలో మధ్యస్థ మార్కు 29. అయిదు నుంచి ఎనిమిదేళ్లు చదివినవారిలో 26. నాలుగేళ్లు, అంతకన్నా తక్కువ చదివినవారిలో 22. వయసు చూస్తే పద్దెనిమిది, ఇరవై ఏళ్లవారికి 29 ఉన్నది 80 దాటినవారికి 25. అంటే జబ్బు ఉందా లేదా అన్న ప్రశ్నకు ముందే, ఈ వయసుకు, ఈ చదువుకు ఎంత రావాలి అన్న ప్రశ్న ఉంది. ఆ 22 నేను ఇంట్లో వేసుకున్న లెక్కతో అచ్చంగా కలిసింది. ఆధార్ ప్రకారం 69 అనుకొని చూడటం, అసలు వయసు 77 అని చూడటం ఒకటి కాదని కూడా అప్పుడే చెప్పారు.

కెనడాలో పుట్టిన మోకా అనే మరో పరీక్ష వాడకంలో ఉంది. అందులో చదువు పన్నెండేళ్లు, అంతకన్నా తక్కువైతే ఒక మార్కు కలుపుతారు. టీచరుగా ఇది నాకు మింగుడుపడలేదు. ఒకటో తరగతి మెట్టు ఎక్కని మా అమ్మకూ, ఇంటర్ పూర్తిచేసిన మనిషికీ అదే ఒక్క మార్కా? అందుకే ఆ పరీక్షకే చదువు రానివారి కోసం వేరే రూపం తయారుచేయాల్సి వచ్చిందన్నారు. మన దేశంలోనూ ఈ పని జరిగింది. 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో అక్షరం రాని వృద్ధుల కోసం హిందీలో ఒక పరీక్ష రూపొందించారు. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన పరీక్షల పెట్టె అయిదు భాషల్లో ఉంది, అందులో తెలుగు ఒకటి. ఇవి శిబిరాల బల్లల దాకా రావాలని నా కోరిక. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, కాగితం అడిగింది అడిగాడు.

"అయితే చదువు రానివారికి ఓ ఎనిమిది మార్కులు కలిపేస్తే సరిపోతుంది కదా సార్?" అన్నాను.

"కలిపేస్తే నిజంగా జబ్బున్నవాళ్లు దాని కింద దాక్కుంటారు టీచర్ గారూ" అన్నారు. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంటుందని 2023లో వచ్చిన అంచనా. అది ఆడవాళ్లలో, పల్లెల్లో, చదువు లేనివారిలోనే ఎక్కువ. చిన్నప్పటి చదువు లేకపోవడం పరీక్షలో మార్కులు తగ్గించడమే కాదు, జబ్బు ముప్పును కూడా పెంచుతుంది. రెండూ ఒకే మనిషిలో కలిసి ఉంటాయి. అందుకే అంకె చూసి భయపెట్టకూడదు, అంకెను కొట్టిపారేయకూడదు. మనిషిని నిన్నటి ఆమెతో పోల్చాలి.

దానికి ఒక పత్రం ఉంది. ఆస్ట్రేలియాలో తయారైనది, పదహారు ప్రశ్నలు. రోగిని అడగరు, దగ్గరివాళ్లను అడుగుతారు. పదేళ్ల కిందటితో పోలిస్తే ఈమె వస్తువులు పెట్టిన చోటు గుర్తుంచుకోవడం ఎలా ఉంది? డబ్బు వ్యవహారం ఎలా ఉంది? మెరుగా, అలాగే ఉందా, తగ్గిందా? చదువు ఉన్నా లేకున్నా ఈ పోలిక అంతగా మారదు. నేను నింపాను. ఒక్కో ప్రశ్న దగ్గర ఆగి, అమ్మను నేను ఎంత తక్కువ చూస్తున్నానో తెలుసుకుంటూ నింపాను.

తర్వాత డాక్టర్ గారు అమ్మ వెనక్కి వెళ్లి మెల్లగా పేరు పెట్టి పిలిచారు. అమ్మ కదల్లేదు. వినికిడి పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ బాగా తగ్గిందని తేలింది. కుక్కర్ విజిల్ సంగతి అదీ. రక్తపరీక్షలో బి12 విటమిన్ 140 ఉంది, 200 పైన ఉండాలి. పన్నెండేళ్లుగా వేసుకుంటున్న షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ దాన్ని తగ్గించగలదట. థైరాయిడ్ బాగానే ఉంది. బాపు పోయిన దిగులు సరేసరి. చిన్నమ్మ పేరుతో పిలవడాన్ని ఆయన పెద్దగా పట్టించుకోలేదు, ఒకే ఇంటివాళ్ల పేర్లు అందరూ తారుమారు చేస్తారన్నారు. బి12 ఇంజెక్షన్లు రాశారు, చెవి మిషన్ పెట్టించమన్నారు, ఆరు నెలలకు మళ్లీ చూస్తానన్నారు. "మీ అమ్మకు ఏమీ లేదు" అని మాత్రం ఆయన అనలేదు. ఇప్పటికి జబ్బు అనే ఆధారం లేదు అన్నారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

ఇంకో మాట అన్నారు. అమ్మ బీడీ కార్ఖానాలో మున్షీలతో మాట్లాడీ మాట్లాడీ ఉర్దూ నేర్చుకుంది, ఇప్పటికీ ధారాళంగా మాట్లాడుతుంది. 2013లో హైదరాబాద్‌లోని నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసిందట. రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు ఒకే భాష మాట్లాడేవారికన్నా నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. అక్షరం రానివారిలోనూ ఆ తేడా కనబడింది. బడి లేకపోయినా మెదడుకు వ్యాయామం ఉంటుందన్నమాట.

దసరాకు మామ కరీంనగర్ నుంచి వచ్చాడు. ఎం.ఏ., బి.ఇడి., 2008లో ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యాడు. నాకు ఉపాధ్యాయ వృత్తి మీద ప్రేమ కలిగించిన మనిషి. ఆయనకు ఏమన్నా అయి ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. అమ్మే అంది, మామ వెళ్లిన మర్నాడు చెవి మిషన్ సర్దుకుంటూ, "తమ్ముడి తలకాయ బాగాలేదు బిడ్డా. వాణ్ని కూడా ఆ సారుకు చూపించు."

అత్తమ్మకు ఫోను చేశాను. ఆమె ముందు కొట్టిపారేసింది, తర్వాత ఏడ్చింది. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టాడట. టవర్ సర్కిల్‌కు వెళ్లి బండి ఎక్కడ పెట్టాడో తెలియక ఆటోలో వచ్చాడట. నవంబరులో మామ కొడుకు అక్కడే ఒక క్లినిక్‌లో చూపించాడు. అదే కాగితం. 30కి 28. వయసు వల్ల వచ్చే మరుపే, ఏమీ లేదని పంపేశారు. మామ సంబరంగా ఫోను చేసి "ఇరవై ఎనిమిది అక్కా!" అన్నాడు. అమ్మ సంతోషించలేదు.

నేను ఆ కాగితం ఫోటో పంపమన్నాను. పోయిన రెండు మార్కులూ ఒకేచోట పోయాయి. మూడు మాటల్లో ఒక్కటే గుర్తుంది. నూరులోంచి ఏడేసి, వాక్యం, పంచభుజం, తారీఖు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. వాక్యం కింద చుక్క కూడా పెట్టాడు. 17 వచ్చిన అమ్మకు మూడుకు మూడు వచ్చిన చోట, 28 వచ్చిన మామకు ఒకటి వచ్చింది.

గాదె నిండుగా ఉన్న ఇంట్లో పంట పోయిన సంగతి మొదటి ఏడాది బయటికి తెలియదు. చదువు అలాంటి గాదె అని మా డాక్టర్ గారు చెప్పారు. ఎక్కువ చదివినవారి మెదడు లోపల జబ్బు నడుస్తున్నా చాలాకాలం నెట్టుకొస్తుంది, పది నిమిషాల పరీక్ష దాన్ని పట్టుకోలేదు. బయటపడ్డాక మాత్రం దిగజారడం వేగంగా ఉండవచ్చు. పూర్తి పరీక్షలు చేయించమని హైదరాబాద్‌కు రాసిచ్చారు.

2025 జనవరిలో వెళ్లాం. అమ్మ తానూ వస్తానని పట్టుబట్టింది. మామకు పరీక్ష ఒక పూటంతా పట్టింది. మాటల జాబితా చెప్పి, మళ్లీ చెప్పి, అరగంట ఆగి అడిగారు. ఒక చిన్న కథ చదివి వినిపించి అరగంట తర్వాత అడిగితే, కథ చెప్పారన్న సంగతే మామకు గుర్తులేదు. ఎంఆర్ఐలో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ భాగం కుంచించుకుపోయి కనబడింది. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్, తొలిదశ. డోనెపెజిల్ అనే మందు మొదలుపెట్టారు. అది జబ్బును ఆపదని, లక్షణాలను కొంతకాలం నిలబెట్టవచ్చని దాచకుండా చెప్పారు. పెన్షన్ ఖాతా, ఇంటి కాగితాలు మామ తెలివిలో ఉండగానే ఆయన ఇష్టప్రకారం సర్దుకోమన్నారు.

ఆ పరీక్షల మధ్యలో దగ్గరివాళ్లను అడిగే పదహారు ప్రశ్నల పత్రం మళ్లీ వచ్చింది. అత్తమ్మ జవాబులు చెబుతూ మాటిమాటికీ ఆగిపోయింది. భర్త మీద ఫిర్యాదు చెప్పినట్టుందేమో ఆమెకు. అప్పుడు అమ్మ కుర్చీ ముందుకు జరుపుకొని, "నేను చెబుతాను, రాసుకో బిడ్డా" అంది ఆ డాక్టరమ్మతో. ఒకప్పుడు నెలాఖరున తన బీడీ లెక్కంతా తమ్ముడు ఒక్క ఊపిరిలో కూడేవాడని చెప్పింది. మొన్న సంక్రాంతికి పిల్లలకు డబ్బు పంచుతూ ఇచ్చినవాళ్లకే మళ్లీ ఇచ్చాడంది. దసరా నాడు జమ్మి ఆకు తన చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడని, కాసేపటికి మళ్లీ జేబులోంచి ఆకు తీసి మొక్కాడని, మళ్లీ మొక్కాడని చెప్పింది. ప్రతిసారీ అప్పుడే మొదటిసారి అన్నట్టు దీవించానంది.

డాక్టరమ్మ అంతా రాసుకుంది. అమ్మ చెవి మిషన్ సరిచేసుకొని, "ఏం రాశావో ఒకసారి చదువు తల్లీ" అంది. ఆమె చదివి వినిపించింది: దసరా రోజున అక్కకు మూడుసార్లు జమ్మి ఇచ్చారు.

"మూడు కాదు, నాలుగు" అంది అమ్మ. "నాలుగోది తెల్లారి బస్సెక్కేముందు."

ఆమె మూడు కొట్టేసి నాలుగు రాసింది.